అటువైపు కూర్చుని చదివే మనిషి

మొన్న స్టాఫ్ రూములో మా లెక్కల మేడమ్ తన ఫోను నా చేతిలో పెట్టి, "మీరు తెలుగు మేడమ్ కదా, ఇదోసారి చూసిపెట్టండి" అంది. సాలూరులో వాళ్ళ పుట్టింటిని ఆనుకున్న ఇల్లు కొనాలని ఆవిడకు ఎప్పటినుంచో ఉంది. ఆ ఇల్లు అమ్మకానికి లేదు. బోర్డు కట్టలేదు, బ్రోకర్లకి చెప్పలేదు. ఒక రిటైర్డు కండక్టరు గారు భార్యతో, అత్తగారితో, రెండు కుక్కలతో అందులో హాయిగా ఉంటున్నాడు. అడిగితే పోయేదేముందని మేడమ్ ఉత్తరం తయారుచేసింది. ఇంటర్నెట్లో ఏదో నమూనా పట్టుకుని తెలుగులోకి దించిందట. "మీ ఆస్తిని కొనుగోలు చేయుటకు మేము గట్టి ఆసక్తి కలిగియున్నాము" అని మొదలై, ధర, అడ్వాన్సు, వారం రోజుల గడువు అన్నీ చెప్పి, "సత్వర స్పందనను ఆశిస్తూ" అని ముగిసింది.

నేను ఫోను తిరిగిచ్చేసి, "మేడమ్, మీరు లేచి ఆ ఎదురు కుర్చీలో కూర్చోండి. ఇప్పుడు మీరు కండక్టరు గారు. దీన్ని పైకి చదవండి" అన్నాను.

ఆవిడ నవ్వుతూ లేచింది. నవ్వుతూనే మొదలుపెట్టింది. మూడో వాక్యం దగ్గర ఫోను ఒళ్ళో పెట్టుకుని, "ఇదేంటి మేడమ్, నన్ను ఖాళీ చేయమంటున్నట్టుంది" అంది.

ఈ విద్య నాది కాదు. మా పోస్టమ్మది. ఆవిడ పోయి ఆరు నెలలు కావస్తోంది. ఇంటికొచ్చాక కూడా ఆవిడే బుర్రలో తిరుగుతుంటే ఇది రాయడానికి కూర్చున్నాను.

పోస్టమ్మ అసలు పేరు రాయను. రాస్తే ఒప్పుకునే మనిషి కాదు. "నా పేరుతో నీకేటి పని" అనేది. టైడా స్టేషనులో దిగి కొండ మీదికి నడిస్తే వచ్చే మా ఊళ్ళో బ్రాంచి పోస్టాఫీసు చూసేది. ఆఫీసంటే వాళ్ళింటి అరుగే. ఒక రేకు పెట్టె, చిన్న తక్కెడ, తేదీ ముద్ర, ఇంకు పేడ్. మనిషి పొట్టి. ముక్కుకి రెండు పక్కలా పోగులు. నోట్లో ఎప్పుడూ అడ్డపొగ, అంటే చుట్ట వెలిగించిన కొస నోటి లోపల పెట్టుకుని తాగడం. మా కొండల్లోనూ కింద పల్లెల్లోనూ ముసలమ్మలకి అది మామూలే గాని, అడ్డపొగతో ఉత్తరాలు రాసిన మనిషిని మాత్రం ఈవిడనొక్కదాన్నే చూశాను. అందుకున్నవాళ్ళు కవరు విప్పకముందే వాసన చూసి ఇది పోస్టమ్మ రాసిందని చెప్పేసేవారు.

రిటైరయ్యాక ముద్రా పేడూ తీసుకుపోయారు. అలవాటు పోలేదు. ఏ కాగితం రాసినా చివర్న ఖాళీ పిడికిలితో చాప మీద ఒకటి, కాగితం మీద ఒకటి గుద్దేది. ఆ రెండు దెబ్బలూ పడితేగాని ఉత్తరం అయిపోయినట్టు కాదు. తొందరపడి ఎవరైనా లాక్కోబోతే "ఉండెహె, ముద్రెయ్యనేదు" అనేది. డబ్బులు తీసుకునేది కాదు. ఉత్తరానికి ఒక రీఫిల్, అదీ నీలం రంగుది. నల్లది తెస్తే "ఇది దినాల కార్డులకి" అని వేరే డబ్బాలో పడేసేది. కవరు అంటించడానికి ఎవరైనా నాలిక చాపితే ఊరుకునేది కాదు. లోపలికెళ్ళి గిన్నెలోంచి రెండు అన్నం మెతుకులు తెచ్చి రాసేది.

రాయడం కన్నా చదవడం ఆవిడకి పెద్ద పని. మా ఊళ్ళో పెద్దవాళ్ళలో చాలామందికి చదువు రాదు. వచ్చిన ఉత్తరం, బ్యాంకు నోటీసు, కోర్టు కాగితం, కేరళకి పనికెళ్ళిన తమ్ముడి కబురు, అన్నీ ఆ అరుగు మీదే చదివించుకునేవారు. ఆడవాళ్ళు అడవినుంచి తలమీద కట్టెల మోపుతో వస్తూ అక్కడే ఆగి, "నాకేటైనా ఒచ్చిందా" అనేవారు. చెడ్డ కబురైతే పోస్టమ్మ ముందు "మోపు దించు" అనేది. కొన్నాళ్ళకి ఊరికి ఆ కిటుకు తెలిసిపోయింది. మోపు దించు అనగానే ఏడుపు మొదలయ్యేది. అందుకని ఆవిడ అందరిచేతా మోపు దింపించడం మొదలుపెట్టింది. మనవడు పుట్టాడన్న కబురు వినడానికి కూడా బరువు దించి, నడుం వంచి, మళ్ళీ ఎత్తుకోవాల్సిందే. ఆడవాళ్ళు తిట్టుకునేవారు గాని దించేవారు.

ఇక ఉత్తరం రాయించుకోవడానికి వెళ్ళినవాళ్ళ అవస్థ వేరు. రాయడం అవగానే ఆవిడ చుట్ట తీసి అరుగు అంచున పెట్టి, లేచి అరుగుకి అటు చివరికి వెళ్ళి కూర్చునేది. అప్పుడు ఆవిడ ఉత్తరం అందుకున్న మనిషి. ఆ మనిషి ఎలా కూర్చుంటే అలా కూర్చునేది, ఎలా చూస్తే అలా చూసేది. ఒకడు పుట్టింటికి అలిగి వెళ్ళిన పెళ్ళాన్ని రమ్మని రాయించుకున్నాడు. పోస్టమ్మ అటు వెళ్ళి, ఆ అమ్మాయిలా కొంగు నడుముకి చుట్టి, ఉత్తరమంతా చదివి, "నాను రాను" అని కాగితం నాలుగు ముక్కలు చేసేసింది. వాడు లబోదిబోమన్నాడు. "అరిసినావు గాని, కొట్టినందుకు ఒక్క మాట రాయించినావేటి?" అంది. రెండోసారి రాయించుకున్నాడు. అమ్మాయి వచ్చింది.

వీటన్నిటిలోనూ ఆవిడ చెయ్యి బాగా తిరిగింది అమ్మకానికి లేనిదాన్ని అడిగే ఉత్తరంలో. పాలిచ్చే గేదె, చేను, పెరడు, ఒకసారి పక్క ఊరివాళ్ళ డప్పు. అమ్మకానికి పెట్టనిదాన్ని నోటితో అడగకూడదని ఆవిడ పట్టు. నోటితో అడిగితే అవతలి మనిషి అప్పటికప్పుడు ఏదో ఒకటి అనాలి. అవునంటే ఇబ్బందుల్లో ఉన్నాడంటారు, కాదంటే పొగరంటారు. అదే ఉత్తరమైతే చూరులో దోపుకుని నిమ్మళంగా పది రోజులు ఆలోచించుకోవచ్చు. "అడిగించుకోడం కూడా కష్టమే గుంటా. అడిగినోలకి అది తెలీదు" అనేది. గుంట అంటే మా వైపు ఆడపిల్ల. నాకు నలభై రెండేళ్ళొచ్చినా ఆవిడకి నేను గుంటనే.

నాకు పడిన పనీ అలాంటిదే. మా అమ్మ చేను పక్కన దొన్ను పెదనాన్న చేను. పెదనాన్న అంటే వరసకే. ఎకరం కూడా లేని ఏటవాలు ముక్క, తాతల నాటి పట్టా. కాఫీ, మిరియాల పాదులు, పైకొసన రాళ్ళ మధ్య ఒక ఊట. ఆ ఊటకి పైపు వేసుకుని మా చేనూ మా నాలుగిళ్ళూ బతుకుతున్నాం. వేసవిలో మాకు వేరే నీళ్ళు లేవు. ఇన్నేళ్ళూ ఆయన వద్దనలేదు, మేం అడగలేదు.

అప్పుడు ఒక హోటలాయన కారు మా ఊరికి రావడం మొదలైంది. మైదానపువాళ్ళు ఏజెన్సీలో భూమి కొనకూడదని చట్టం ఉంది కాబట్టి, తన దగ్గర పనిచేసే మా గిరిజనుడొకడి పేరు మీద ఆ ముక్క తీసుకుంటాడట. గుడారాలు వేసి, కంచె కట్టి, టూరిస్టులకి ఊట చూపిస్తాడట. కంచె పడితే మా పైపు కంచె లోపల ఉండిపోతుంది. పెదనాన్న అమ్ముతానని ఎవరితోనూ అనలేదు. ఆయన అనకముందే, కారాయన అడగకముందే నేను అడగాలి. మేమూ గిరిజనులమే, నాకు జీతం ఉంది, బ్యాంకు లోనిస్తుంది. చట్టం అడ్డు లేదు.

నేను తెలుగు ఎమ్మే. ఉత్తరం నేనే రాసుకున్నాను. పోస్టమ్మ చేతిరాతలో వెళితే గౌరవంగా ఉంటుందని మాత్రమే ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళాను.

"బేగి తిరగరాసియ్యి పిన్నీ. ఆ కారోడు మల్లీ ఒచ్చీలోగా ఇచ్చీయాల" అన్నాను.

ఆవిడ రాయలేదు. చుట్ట తీసి అరుగు అంచున పెట్టి, నా కాగితం పట్టుకుని అటు వెళ్ళి గోడకి ఆనుకుంది. దొన్ను పెదనాన్నకి కుడి చెవి వినబడదు. ఎవరు మాట్లాడినా ఎడమ చెవి అటు తిప్పి గడ్డం భుజం మీద ఆనిస్తాడు. పోస్టమ్మ సరిగ్గా అలాగే గడ్డం ఆనించింది. నాకు నవ్వొచ్చింది. ఆవిడ చదవడం మొదలుపెట్టింది.

"గౌరవనీయులైన పెదనాన్న గారికి. మీకు వయసు పైబడింది. కొండ చేను చేసుకోవడం మీ వల్ల కావడం లేదు. పెద్దమ్మ కూడా లేదు. మీకు వారసులు లేరు. చూసేవాళ్ళు లేక పాడుబడుతున్న ఆ భూమికి మేము న్యాయమైన ధర..."

అక్కడ ఆపింది. గడ్డం భుజం మీంచి తియ్యలేదు.

"ఏటే తల్లీ, బూమి ఇమ్మనీసి ఒచ్చినావా, సచ్చిపొమ్మనీసి ఒచ్చినావా?"

గొంతు కూడా పెదనాన్నదే. రాసిన ప్రతి మాటా నిజమే. ఆయన మంచి కోరే రాశాననుకున్నాను. అటువైపు నుంచి వింటే ఒక్క వాక్యం కూడా వినేలా లేదు.

ఆవిడ ఇటు వచ్చి చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుని మామూలు పోస్టమ్మ అయిపోయింది.

"ఆ సేన్లో ఏటేటున్నాయి?"

"ఊట. కాఫీ. నాలుగు సిల్వర్ ఓక్‌లు. ఒక పనస."

"పనస ఎవలేసినారు?"

"నాకేటి తెలుసు?"

"ఊట సుట్టూ రాల్లు ఎవలు పేర్సినారు?"

అదీ తెలీదు.

"తెలీకుండానే కొనేత్తావేటి? ఎల్లు. తెలుసుకునొచ్చి రాయి."

నాకు ఒళ్ళు మండింది. అవతల కారు తిరుగుతుంటే ఈవిడ నన్ను చెట్ల చరిత్ర చదువుకోమంటోంది. అయినా వెళ్ళాను. మూడు సంతలు పట్టింది. ఊరికి అనుమానం రాకుండా కూపీ తీయాలి కాబట్టి మా అమ్మ దగ్గర కొంత, అడ్డాకుల విస్తళ్ళు కుట్టే ముసలమ్మ దగ్గర కొంత రాబట్టాను. పనస ఆయన భార్య వేసింది, పెళ్ళైన ఏడాది పుట్టింటినుంచి తెచ్చుకున్న పిక్కతో. ఊటకి రాళ్ళు వాళ్ళ నాన్న పేర్చాడు. చేను దిగువన పెద్ద రాళ్ళ కుప్ప ఉంది. అది కొండదే అని నేను చిన్నప్పటినుంచీ అనుకుంటున్నాను. కాదు. ఆ నేలని చేను చేయడానికి ఆయనా భార్యా చేతులతో ఏరి పోసిన రాళ్ళు. నేను పదో తరగతి పరీక్షలకి ఆ కుప్ప మీద కూర్చునే చదివాను.

ఉత్తరం మళ్ళీ రాసేటప్పుడు ఇంకో పేచీ పెట్టాను. "ఊట సంగతి రాయకు పిన్నీ. మనకంత అవసరమని తెలిస్తే బిగుసుకుంటాడు."

"నీ పైపు ఆయన సేన్లోనే ఉన్నాది. రోజూ దాన్ని దాటుకునే ఎల్తన్నాడు. ఆయనకి తెలీదనుకుంతన్నావా?"

ధర మాత్రం ఆవిడే రాయనివ్వలేదు. అంకె కనబడితే జనం అదొక్కటే చదువుతారని, మిగతాది కంటికి ఆనదని అంది. చివరికి తయారైన ఉత్తరం ఇది. నా దగ్గర నకలు ఉంది.

"దొన్ను పెదనాన్నకి. మీ చేను మీరు అమ్మకానికి పెట్టలేదని తెలుసు. తెలిసే అడుగుతున్నాను. ఆ నేలలో రాళ్ళు మీరూ పెద్దమ్మా ఏరారు. ఊటకి రాళ్ళు మీ నాన్న పేర్చాడు. పనస పెద్దమ్మ వేసింది. చేను నాకు ఇచ్చినా ఇవ్వకపోయినా అవి మీవే. ఇస్తే, పనస కొట్టను. కాయలు మీరు కోస్తారు, మీ తరవాత మీరు చెప్పినవాళ్ళు కోస్తారు. రాళ్ళ కుప్ప కదపను. మాకు మీ ఊట కావాలి. అది లేకపోతే మా నాలుగిళ్ళకీ నీళ్ళు లేవు. ఇన్నేళ్ళూ అడగకుండా తాగాం, అది మా తప్పు. ఇంకొకరు కూడా మిమ్మల్ని అడుగుతారు, మాకన్నా ఎక్కువ ఇస్తారు. ధర ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుందాం. కాదంటే కారణం చెప్పక్కర్లేదు. సంతలో ఎప్పటిలాగే పలకరించండి. సరేనంటే మా ఇంటికొచ్చి మంచినీళ్ళు అడగండి."

ఆ చివరి మాట ఆవిడ సొంతం. మనిషిని బట్టి ఒక గుర్తు పెట్టేది. డప్పు కోసం రాసిన ఉత్తరంలో, ఇష్టమైతే డప్పుని వీధివైపు ఎండలో ఆరబెట్టమని రాసింది. "ముసలోలు ఎదురుగుండా సరే అనలేరు. ఆల్లకి సెయ్యడానికి ఏదో ఒక పని ఇయ్యాల" అంది.

మళ్ళీ అటు వెళ్ళి గడ్డం ఆనించి చదివింది. ఈసారి ఎక్కడా ఆగలేదు. ఇటు వచ్చి కూర్చుంది. తరవాత చాప మీద ఒకటి, కాగితం మీద ఒకటి.

"ఇలగ అటు కూకుని సదవడం నీకెవలు నేర్పినారు పిన్నీ?" అని ఆ రోజు అడిగాను.

"ముప్పయ్యేల్లు సదివిపెట్టినాను. రాసినోలు ఎవలూ ఇన్నోల మొకాలు సూడనేదు. నాను సూసినాను."

పెదనాన్నకి చదువు రాదు కాబట్టి ఆ ఉత్తరం ఆయనకి చదివి వినిపించింది కూడా ఆవిడే. నన్ను ఆ ఛాయలకి రావద్దంది.

ఇక మా ఇంట్లో నీళ్ళ కష్టాలు మొదలయ్యాయి. పెదనాన్న చేనుకి మా ఇంటి ముందునుంచే వెళ్ళాలి. ఇదివరకు ఎండలో ఎక్కి వచ్చి మా అరుగు మీద కూలబడి "నీల్లియ్యండే" అని కేకేసేవాడు. ఇప్పుడు అడగడు. మేం ఇవ్వం. ఇస్తే ఆయన మాట మేం లాక్కున్నట్టు. నాలిక పిడచకట్టుకుపోతున్నా వానల గురించి నాలుగు ముక్కలు మాట్లాడి, లేచి, మూడిళ్ళ అవతలికి వెళ్ళి అడిగి తాగేవాడు. ఆ నీళ్ళూ ఆ ఊటవే. ఒక మధ్యాహ్నం మా ఆయన ఏ ఆలోచనా లేకుండా చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన చేతిలో పెట్టేశాడు. పెదనాన్న చెంబు వంక చూశాడు, నా వంక చూశాడు. ఆయన "మొకం కడుక్కుంతాను" అని, ఆ నీళ్ళతో మొహం కడుక్కుని, చెంబు బోర్లించి వెళ్ళిపోయాడు. ఆ రోజు మా ఆయన్ని నేనన్న మాటలు ఇక్కడ రాయను.

రెండు నెలలకి కారాయన దగ్గర్నుంచి పెదనాన్నకి ఉత్తరం వచ్చింది. మందపాటి కాగితం మీద టైపు చేసింది. ఆయన దాన్ని కూడా పోస్టమ్మ దగ్గరికే పట్టుకెళ్ళాడు. సంగతి నాకు ఆవిడే చెప్పింది.

"కారోడి కాయితం ఒచ్చింది. సదివిపెట్టినాను."

"దాన్లో ఏటుంది?"

"ఆయన కాయితం. నీకెందుకు సెప్తాను?"

ఆవిడ చెప్పకపోయినా ధర ఊరంతా తెలుసు. కారాయన మనిషే టీ కొట్టు దగ్గర చెప్పాడు. మా కొండ మీద ఎవరూ నోటితో పలికి ఎరగని అంకె.

"ఆ అంకె కూడా సదివీసినావా?"

"సదవకపోతే?"

"ఎవడి పేరు మీద కొంతన్నాడో, సట్టం ఏటంతాదో ఆయనకి సెప్పినావా?"

"అడిగినాడు, సెప్పినాను. ముందు కాయితంలో ఉన్నది సదివినాను."

"నా ఉత్తరం రాసింది నువ్వే కదా పిన్నీ. ఆ అంకె కాడ కొంచెం గొంతు తగ్గిస్తే ఏటైపోద్ది?"

ఆవిడ చుట్ట నోట్లోంచి తీసింది. "రాసిన కాయితం నీది. ఒచ్చిన కాయితం ఆయనది. దానికి ఆయన సూపు నానే. ఆ సూపుతో నీ పని సేసిపెట్టమంతావేటి?"

నాకు కోపం ఆగలేదు. "మా నాలుగిల్లు ఎండిపోనాక నువ్వే ఒచ్చి మొయ్యి నీల్లు" అనేసి వచ్చాను. ఆ వేసవి నుంచి మళ్ళీ వేసవి దాకా ఆవిడతో మాట్లాడలేదు. సంతలో ఆవిడ పొగాకు దుకాణం దగ్గర కనబడితే నేను ఉల్లిపాయల వరసలోంచి చుట్టూ తిరిగిపోయేదాన్ని. ఆవిడ మాత్రం అంత దూరం నుంచీ "గుంటా, అమ్మ బాగున్నాదా" అని అరిచేది. నేను వినబడనట్టు వెళ్ళిపోయేదాన్ని. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది. ఆ ఏడాదంతా పెదనాన్న నాకూ జవాబివ్వలేదు, కారాయనకీ ఇవ్వలేదు.

మొన్నటి ఎండల్లో ఆవిడకి కడుపులో నెప్పి అని విశాఖ తీసుకెళ్ళారని విన్నాను. పది రీఫిళ్ళు కొనుక్కుని ఆస్పత్రికి వెళ్ళాను. మంచం మీద మనిషి ఇంకా పొట్టిదైపోయింది. నోట్లో చుట్ట లేకపోయేసరికి ముందు వేరే ఎవరో అనుకున్నాను. రైల్లోంచి దిగినప్పటినుంచీ క్షమాపణకి మాటలు కూడబలుక్కుంటున్నాను. ఆవిడ ఆ అవకాశం ఇవ్వలేదు. దిండు కింద నుంచి కాగితం తీసి నా చేతిలో పెట్టింది.

"అద్దాలు ఇంటికాడ ఉండిపోనాయి. ఉన్నా ఇంగిలీసు నాకు రాదు. సదువు."

స్కాన్ రిపోర్టు. వేలు పెట్టుకుని లైను లైనుకీ తెలుగు చెప్పుకుంటూ వచ్చాను. చివర్లో ఒక వాక్యం ఉంది. అది దాటేసి, కింద డాక్టరు సంతకం ఉందని చెప్పాను.

"ఒక లైను ఇడిసీసినావు."

"నేదు పిన్నీ."

"నీ ఏలు రెండు లైన్లు దిగింది. నోరు ఒక్క లైనే సెప్పింది."

నేను అక్కడే ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. నా ఏడుపు అయ్యేవరకూ ఆగి, "ఊఁ, సదువు" అంది. జబ్బు కాలేయానికి పాకిందని ఉంది. అదే చెప్పాను. ఆవిడ తలాడించి, పిడికిలితో పరుపు మీద ఒకటి, రిపోర్టు మీద ఒకటి గుద్దింది. తరవాత నేను తెచ్చిన రీఫిళ్ళు ఒక్కొక్కటే తిప్పి చూసి, "నల్లది ఒక్కటీ తేనేదు. మంచి గుంటవి" అంది.

నెల తిరక్కుండా పోయింది. దినాల కార్డు నేనే రాశాను. ఆవిడ డబ్బాలో దాచిన నల్ల రీఫిల్‌తోనే రాశాను.

దినాలైన తరవాతి సంత రోజు పొద్దున్న, సన్నగా తుంపర పడుతుండగా దొన్ను పెదనాన్న మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. చొక్కా లోపల్నుంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో రెండు ఉత్తరాలు, మడతల దగ్గర నలిగి ఉన్నాయి.

"పెతీ సంతకీ ఈ రెండూ సదివించుకునీవోడిని. ఇప్పుడు పోస్టమ్మ నేదు. నువ్వు సదువు."

"అందులో ఒకటి నాదే కదా పెదనాన్నా. ఇంకెవరిచేతన్నా..."

"నీదని తెలుసు. సదువు. ముందు కారోడిది."

లేచి ఆయన ఎడమ పక్కకి వెళ్ళి కూర్చున్నాను. ఆయన గడ్డం భుజం మీద ఆనించాడు. మొదలుపెట్టాను. ధర దగ్గరికి వచ్చేసరికి నాకు తెలియకుండానే గొంతు దిగిపోయింది.

"ఇనబడనేదు" అన్నాడు.

నా వేలు ఆ అంకె మీదే ఉంది. మళ్ళీ చదివాను, పక్కింట్లోకి కూడా వినబడేంత గట్టిగా. అడ్వాన్సు, గడువు, కావాలంటే ఇంకా పెంచుతామన్న మాట, ఏదీ విడవలేదు. ఒక్కో మాటకీ మా పైపూ, మా అమ్మ చేనూ నా చేతిలోంచి జారిపోతున్నట్టే ఉంది. అయినా చివరి అక్షరం దాకా చదివాను.

తరవాత నాది. పనస దగ్గర ఆయన కళ్ళు మూసుకున్నాడు. రాళ్ళ దగ్గర ఆయన పెదాలు నాతోపాటు కదిలాయి. ఏడాది పైగా ప్రతి సంతకీ విన్న మనిషి, ఆయనకి రెండు ఉత్తరాలూ కంఠతా వచ్చు. ధరా వచ్చు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టింది. మిగతాది చదివి, కాగితాలు మడిచి చేతికివ్వబోయాను. తీసుకోలేదు.

"ముద్రెయ్యవేటి?"

పిడికిలి బిగించి అరుగు మీద ఒకటి, కాగితం మీద ఒకటి వేశాను. అప్పుడు తీసుకుని, కవర్లో పెట్టి, చొక్కాలో దోపుకుని, కర్ర పట్టుకుని లేచాడు. మెట్టు దిగాడు. నాలుగడుగులు వేశాడు. అయిపోయింది, మరి ఎప్పుడూ అడగడనుకున్నాను. ఆయన ఆ తుంపర్లో ఆగి, వెనక్కి తిరక్కుండానే ఎడమ చెవి మాత్రం ఇటు తిప్పాడు.

"కుసింత మంచినీల్లియ్యే తల్లీ. నిరుడు బట్టీ దాహంగున్నాది."